ఇల్లు కంపెనీది, గోడ మాది

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, పొట్టిగా కె.జి.ఎఫ్.), మారికుప్పం వైపు గనికూలీల లైన్లలో మాకొక ఇల్లుంది. మాకుంది అనకూడదేమో. మా తాత కాలం నుంచి అందులోనే ఉంటున్నాం గానీ కాగితం మీద అది ఒక్కనాడూ మాది కాలేదు. ఓనర్లు మాత్రం మారుతూనే వచ్చారు. లండన్ కంపెనీ పోయి మైసూరు సర్కారు వచ్చింది. మైసూరు సర్కారు పోయి ఢిల్లీ సర్కారు వచ్చింది. ఆ తరవాత ప్రభుత్వ కంపెనీ ఒకటి వచ్చి అదీ మూతపడింది. అద్దెకున్న మేం మాత్రం కదల్లేదు.

కె.జి.ఎఫ్. అనగానే ఇప్పుడు అందరూ సినిమా సంగతే అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఫైటింగులు లేవు. రేకుల కప్పు, అద్దె చీటీలు, మా అవ్వ, మా నాయన, అంతే.

ఇల్లంటే పెద్దగా ఊహించుకోవద్దు. పదడుగుల గది ఒకటి, ముందు చిన్న వసారా, వసారాలోనే ఒక మూల పొయ్యి. పైన జింకు రేకులు. ఇటూ అటూ అలాంటివే ఇళ్ళు, గోడకు గోడ పంచుకుని వరసగా. అందుకే వాటిని లైన్లు అన్నారు. ఒకింట్లో దగ్గితే పక్కింటివాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. వానొస్తే రేకుల మోతకు బడి పాఠం మాకు మేం చదువుకుంటున్నా మాకే వినపడేది కాదు. కొళాయి లైనంతటికీ ఒకటే. ఆ నీళ్ళు బేతమంగళం చెరువు నుంచి రావాలి. పొద్దున్నే బిందెల వరస దగ్గర తమిళం, తెలుగు, కన్నడం మూడు భాషల్లోనూ తిట్టుకునేవాళ్ళు, ఒకే తిట్టులో మూడూ కలిసేవి.

దొరల బంగళాలకు పేర్లుండేవి, మా ఇళ్ళకు నంబర్లు. మా ద్వారబంధం దగ్గర నిలబడి చూస్తే ఆ ఇంటి చరిత్ర అంతా అక్కడే కనిపిస్తుంది. పైన రాతిపలక మీద ఉలితో చెక్కిన నంబరు ఒకటి. అది తెల్లవాళ్ళ కంపెనీది. రాతిలో చెక్కారంటే వాళ్ళు శాశ్వతంగా ఉంటామనే అనుకున్నారన్నమాట. దాని కింద చెక్క మీద తారుతో రాసిన ఇంకో నంబరు, దానికీ దీనికీ పొంతన లేదు. అది సర్కారు చేతికి వచ్చాక రాసింది. ఆ పక్కనే రెండు మేకులతో కొట్టిన చిన్న రేకు బిళ్ళ. దానిమీద ఎర్ర పెయింటుతో మూడో నంబరు, పెచ్చులూడి చివరి అంకె సగమే మిగిలింది. పోస్టుమ్యాన్‌కి మూడూ తెలుసు. మా నాయన పేరుకి ఏ నంబరుతో ఉత్తరం వచ్చినా తెచ్చి ఇచ్చేవాడు.

ఇక ఆ నేల ఎవరిది అన్న ప్రశ్నకొస్తే చాలా వెనక్కి పోవాలి. టిప్పు సుల్తాను పోయాక మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి 1802లో ఇక్కడి బంగారం కబుర్లు విన్నాడు. చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానంటే ఊళ్ళవాళ్ళు బండ్లలో మట్టి తోలుకొచ్చి, అతని కళ్ళముందే కడిగి, అడుగున మెరిసే పొడి చూపించారట. అంటే దొరలు కనిపెట్టకముందే మనవాళ్ళకు తెలుసు. ఈ మాట మా తాత చాలా గట్టిగా చెప్పేవాడని అవ్వ అనేది. ఆ తరవాత డెబ్భై ఏళ్ళకు మైకేల్ లావెల్ అనే ఐర్లండు మాజీ సైనికుడు వారెన్ రాసింది చదివి, మైసూరు దగ్గర తవ్వుకునే హక్కు సంపాదించాడు. అప్పుడు మైసూరును మహారాజు పేరుమీద తెల్లవాళ్ళే ఏలుతున్నారు. లావెల్ దగ్గర డబ్బు లేదు, కాబట్టి ఆ హక్కును ఇంకొకరికి అమ్మేశాడు. బెంగళూరులో ఆయన పేరుతో ఉన్న లావెల్ రోడ్డులో అడుగు నేల ఇప్పుడు ఏ ధర పలుకుతుందో అందరికీ తెలిసిందే. నేను ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకి పోతూ, మా ఇంటి మొదటి ఓనరు ఈయనే కదా అనుకుంటుంటాను.

ఆ హక్కులు చేతులు మారి మారి 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ దగ్గరికి చేరాయి. వాళ్ళు లండన్‌లో కూర్చుని ప్రపంచంలో ఎక్కడెక్కడి గనులో నడిపిన ఘనులు. మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ పెట్టారు. మొదటి మూడేళ్ళు బంగారం దొరక్క, తెచ్చిన డబ్బంతా కరిగిపోయి, మూసేద్దామా అనే దాకా వచ్చింది. 1883లో ప్లమ్మర్ అనే ఆయన పాతకాలం మనవాళ్ళు తవ్వి వదిలేసిన గుంతల జాడ పట్టుకుని కిందికి పోయి, ఛాంపియన్ రీఫ్ అనే బంగారు పొరను పట్టాడు. అది దొరక్కపోయుంటే మారికుప్పం ఇవ్వాళ్టికీ రాగి చేలే. మా ముత్తాత మరో దిక్కుకు పోయేవాడు.

మా ముత్తాతది కుప్పం దగ్గర పల్లె. అప్పట్లో అది కంగుంది జమీను. ఇంట్లో నలుగురన్నదమ్ములు, చేను ఒక్కటే, అదీ వాన చూసుకుని బతికే మెట్ట. బిసానత్తం మీదుగా నడిచి వచ్చాడట, భుజాన సంగటి మూట, వెంట పెద్దన్న. అన్న నెల తిరక్కుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. "నేలలోకి దిగేది సచ్చినాక సాలు, బతికుండంగానే యాల?" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ వాడుకే. ఎవరైనా కొత్త ఉద్యోగం మానేసి ఇంటికొస్తే "పెద్దాయన మాట చెప్పినావా?" అని అడుగుతారు.

అప్పటికి మారికుప్పందాకా రైలు వచ్చేసింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. అప్పటి ప్రపంచంలోనే అంత పొడుగు లైను అరుదు. గనిలో మోటార్లు తిరిగాయి, బంగళాల్లో బల్బులు వెలిగాయి. ఆ తీగల కిందే మా ముత్తాత వాళ్ళ వెదురు తడికెల గుడిసె. దాంట్లో మాత్రం బుడ్డిదీపమే. మా నాయన చిన్నప్పుడు కూడా బుడ్డిదీపమే అని చెప్పేవాడు. తడికెల గుడిసెలు పోయి గోడలూ రేకులూ వచ్చింది మా తాత కాలంలో. అంటే మా ఇంటికి అసలు వయసు అక్కడినుంచి లెక్కపెట్టాలి.

తాత పేరు మీద ఇల్లు రాశారు అంటే అమ్మారని కాదు. జీతం చీటీలో ఒక గడి పెరిగిందని. జీతంలోంచి అద్దె కోసుకుంటారు. పనిలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఉంటుంది, పని పోతే ఇల్లూ పోతుంది. ఇంకో సంగతి, ఆ ఇంట్లో ఏం పెట్టుకోవచ్చో ఏం పెట్టుకోకూడదో కూడా మన చేతిలో లేదు. బంగారు రాయి దొంగతనం భయం కంపెనీకి ఎప్పుడూ ఉండేది. గనిలోకి దిగే బావి, అంటే షాఫ్టు, దగ్గర బట్టలు దులిపించి వెతకడం ఒకటి, వాచ్ అండ్ వార్డు అనే కంపెనీ కాపలావాళ్ళు ఇళ్ళ మీదికి రావడం ఒకటి. రాతిపొడిలోంచి బంగారం లాగడానికి పాదరసం వాడతారు, అది ఇంట్లో చుక్క దొరికితే ఇక జైలే. మా అవ్వ కొత్తకోడలుగా వచ్చినప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇనప రోలు చూసి, "ఇది దేనికి?" అని ఒకడు అడిగాడట. ఎండుమిరపకాయలు వేసి వాడి ముక్కు ముందే దంచింది. తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. ఈ కథ అవ్వ ఎన్ని తడవలు చెప్పినా తుమ్ములు మాత్రం ప్రతిసారీ పెరిగేవి.

అవ్వ బంగళాలో ఆయాగా పనిచేసింది. అప్పుడు కె.జి.ఎఫ్.ని లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్ళు. చల్లటి గాలి, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చి. కానీ అవ్వ చెప్పిన దొరలు నిజానికి ఇంగ్లండు జమీందార్లేం కారు. చాలామంది కార్న్‌వాల్‌వాళ్ళు. వాళ్ళ దేశంలో రాగి, తగరం గనులు దెబ్బతిని, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయి, ఆస్ట్రేలియాకూ ఆఫ్రికాకూ అమెరికాకూ మన కోలారుకూ గనిపని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. వాళ్ళలో మేస్త్రీని కెప్టెన్ అంటారు. పట్టాళంతో సంబంధం లేదు. అవ్వ మాటల్లో చెప్పాలంటే, "వాళ్ళూ మనలాంటోళ్ళేరా, గనుల్లో పుట్టినోళ్ళే. కాకుంటే తెల్లగా ఉండారు, ఇంగ్లీషు మాట్లాడ్తారు, కూలి ఎక్కువిస్తారు వాళ్ళకి." ఎక్కువంటే ఎంతెక్కువో ఆమె ఒక్క మాటలో తేల్చేది. వాళ్ళ కుక్కకు పెట్టే మాంసం మా ఇంటి వారం సంత.

ఆ బంగళాలో అవ్వ ప్యాస్టీ చేయడం నేర్చుకుంది. గోధుమపిండి మడతలో బంగాళాదుంప, మాంసం పెట్టి కాల్చేది. కార్న్‌వాల్ గనివాళ్ళు పొద్దున్నే చేతపట్టుకుని లోపలికి దిగే తిండి అది. మాకది అచ్చం కర్జికాయే, కాకపోతే చెయ్యంత పొడుగు, కారం. మా ఇంట్లో దాన్ని ఉప్పు కర్జికాయ అనేవాళ్ళం. బంగాళాదుంపతో పాటు పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి, పెనం మీద నూనెతో కాల్చేది అవ్వ. క్రిస్మస్‌కు పక్కింటి తమిళ కిరస్తానీ అత్తకు నాలుగు ఇస్తే ఆమె కేకు ముక్కలు పంపించేది. కార్న్‌వాల్‌వాళ్ళు మా తిండిలో వదిలిపెట్టిపోయింది అదొక్కటే.

1956లో రెండు జరిగాయి. మా పాత ఊరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మా ఇల్లు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చింది. గనులను ప్రభుత్వం తీసేసుకోవడంతో లండన్ క్వీన్ స్ట్రీట్ ప్లేస్‌లో ఉన్న ఓనరుకి సెలవు. బంగళాలవాళ్ళు ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. అవ్వ పనిచేసే ఇంట్లో పియానో, కుర్చీలు, మంచాలు వేలం వేశారు. వెళ్ళే ముందు రోజు దొరసాని అవ్వను పిలిచి ఒక ఇనప ట్రంకు పెట్టె ఇచ్చింది. మూత మీద తెల్లపెయింటుతో కాంబోర్న్ అని ఇంగ్లీషు అక్షరాలు. వాళ్ళ ఊరి పేరు.

అవ్వ అడిగిందట, "అమ్మా, ఇంత పెద్ద ఇల్లు, ఎవరికి అమ్మేస్తిరి?" అని.

దొరసాని నవ్విందట. "అమ్మేదానికి మాదైతే కదా."

ఈ ఒక్క మాటకి అవ్వ చాలా రోజులు ఆశ్చర్యపోయింది. పన్నెండు గదులు, మంట వేసుకునే గూడు, రోజా తోట, వంటకొకడు, తోటకొకడు, అయినా ఇల్లు కంపెనీదే! ఇంటికొచ్చి తాతతో "వాళ్ళూ మనమూ ఒగటేనయ్యా" అని చెప్తే, తాత దగ్గుతూనే, "ఒగటేమి? వాళ్ళు పొయ్యేదానికి ఓడ ఉండాది. మనకేముండాది?" అన్నాడట. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది, తాతది ఒక పాలు ఎక్కువ నిజం.

తాత దగ్గు సంగతి లైన్లవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రాయి తొలిచేచోట పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకడుతుంది. డాక్టర్లు సిలికోసిస్ అంటారు, మావాళ్ళు గనిదగ్గు అనేవాళ్ళు. వసారాలో నులకమంచం మీద, పడుకోలేక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడట. ఆ గోడ మీద తలనూనె మరక గుండ్రంగా నేను చిన్నప్పుడు కూడా చూశాను. ఎన్ని సున్నాలు వేసినా మళ్ళీ పైకి తేలేది.

1963లో తాత పోయాడు. ఇక్కడే మా ఇంటి కథలో అసలు ముడి ఉంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి పోయాడు, కాబట్టి ఇల్లు వదిలిపెట్టాలి. లేదూ, కొడుకు గనిలో చేరాలి. మా నాయన అప్పటికి ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాడు. లైనులో పాసైనవాళ్ళలో ఆయనొకడు. టైపు నేర్చుకుంటున్నాడు, బెంగళూరు పోయి ఏదైనా ఆఫీసులో చేరాలని ఆశ. ఇంట్లో అవ్వ, ఇద్దరు చెల్లెళ్ళు. దినాలు అయిపోయిన వారంలో ఆయన వెళ్ళి పేరు రాయించుకున్నాడు.

అందరికీ ఆస్తి వారసత్వంగా వస్తుంది. మా నాయనకు పని వారసత్వంగా వచ్చింది, ఇల్లు దాని వెనకాల వచ్చింది. దీనిమీద ఆయన ఎప్పుడూ బాధగా మాట్లాడలేదు. కానీ మరుసటేడే, 1964లో, పెద్ద పెద్ద యంత్రాలు చేసే బెమెల్ అనే ప్రభుత్వ కంపెనీ మొదలైంది, కె.జి.ఎఫ్.లోనే దాని ఫ్యాక్టరీ వచ్చింది. చదువుకున్న కుర్రాళ్ళకు నేలమీద, వెలుతుర్లో, యూనిఫారం వేసుకుని చేసే పని. నాయన స్నేహితులు ఇద్దరు అందులో చేరారు. సాయంత్రం సైకిళ్ళమీద వాళ్ళు బెమెల్ నగర్ నుంచి వస్తుంటే, రెండో షిఫ్టుకు దీపం టోపీ చేతపట్టుకుని ఈయన ఎదురుపోయేవాడు. మా చిన్నత్త చెప్పింది ఈ సంగతి. ఆయన చెప్పలేదు.

కింద ఎట్లా ఉంటుంది నాయనా అని అడిగితే "ఉడుకు" అనేవాడు. అంతే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు, ఆ లోతులో రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుందని నేను పెద్దయ్యాక చదువుకున్నాను. చల్లగాలి కిందికి పంపించడానికి పైన పెద్ద యంత్రాలుండేవి. ఒక్క విషయం గురించి మాత్రం ఉత్సాహంగా చెప్పేవాడు. టాటా ఇన్‌స్టిట్యూట్ సార్లు, జపాన్‌వాళ్ళు, ఇంగ్లండువాళ్ళు కలిసి గనిలో ఒక ప్రయోగశాల పెట్టి, 1965లో న్యూట్రినోలు అనే అతి సూక్ష్మమైన కణాల జాడ పట్టుకున్నారు. "ఆకాశంలోంచి వచ్చేదాన్ని భూమిలోపల కూర్చోని ఎతుకుతారప్పా, ఏం తెలివో!" అని నవ్వేవాడు. టైపు నేర్చుకున్న మనిషి కదా, ఆ పేరు స్పెల్లింగుతో సహా చెప్పేవాడు.

ఇల్లు అదిరే రోజుల గురించి చెప్పాలి. మావాళ్ళు ఏర్‌బ్లాస్ట్ అంటారు, ఇంజనీర్లు రాక్‌బరస్ట్ అంటారు. తవ్వి తవ్వి ఖాళీ అయిన చోట, పైనున్న బరువుకు లోపలి రాయి ఉన్నట్టుండి పగులుతుంది. కిలోమీటర్ల కింద పగిలితే మా అటకమీద గిన్నెలు దొర్లేవి. ముందు ఒక దెబ్బ, ఆ తరవాత రేకులు గలగల, ఆ తరవాత ఒక్క క్షణం లైనంతా నిశ్శబ్దం. వెంటనే ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి షాఫ్టు వైపు పరుగు. మా అమ్మ ఒకసారి చేతికి సంగటి అంటుకునే ఉండగా పరిగెత్తింది. నేను చంకలో చెల్లెలిని వేసుకుని వెనకాలే. షాఫ్టు దగ్గర ఎవరూ ఏడవరు. మనుషుల్ని దింపి ఎక్కించే ఇనప బోనును కేజీ అంటారు, అందరూ దాన్ని పైకి తెచ్చే తాడు తిరిగే చక్రం వైపు చూస్తుంటారు. చక్రం తిరిగితే మనిషి పైకి వస్తున్నట్టు. ఆ రోజు నాయన మూడో కేజీలో వచ్చాడు. అమ్మను చూసి మొదట అడిగింది, "పొయ్యి ఆర్పినావా?" అని.

ఒక్కో అదురుకు గోడలో ఒక్కో పగులు. పక్కింటివాళ్ళు రోట్లో దంచుతుంటే వాళ్ళ దీపం వెలుతురు పగుల్లోంచి మా గదిలో పడేది. కంపెనీవాళ్ళు ఏటా సున్నం వేయించేవాళ్ళు. పగుళ్ళు మాత్రం నాయనే పూడ్చేవాడు. 1980ల్లో ఆయన ఇంకో పెద్ద సాహసం చేశాడు. ఇంటి ముందు నడుమెత్తు గోడ కట్టాడు. రాళ్ళు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, ఆదివారాలు మాత్రమే కడుతూ, ఒక వేసవంతా పట్టింది. లోపల ఒక వేపమొక్క, ఒక కరివేపాకు. అనుమతి లేని కట్టడం కదా, ఒక సూపర్‌వైజరు వచ్చి చూశాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన గోడమీదే కూర్చుని టీ తాగి, పుస్తకంలో 'తాత్కాలికం' అని రాసుకుని వెళ్ళాడు. ఆ తాత్కాలికం గోడ ఇప్పటికీ ఉంది. సొంతదారైన కంపెనీయే పోయింది.

లైన్లకు తూర్పున సైనైడ్ దిబ్బలు. రాయి పిండిచేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేసిన తరవాత మిగిలిన బూడిద రంగు పిండి అది. మొత్తం మీద 3 కోట్ల టన్నులకు పైగా ఉంటుందంటారు. గాలి కాలంలో ఆ పిండి లేచి గుడ్డల మీద, సంగటి మీద, పుస్తకాల మీద పడేది. మేం పిల్లలం అట్టముక్కల మీద కూర్చుని పైనుంచి కిందికి జారేవాళ్ళం. సినిమావాళ్ళు వచ్చి అక్కడ ఎడారి పాటలు తీసుకుని పోయేవాళ్ళు. మా ఊరి నుంచి నూట ఇరవై ఏళ్ళలో దాదాపు 800 టన్నుల బంగారం పోయిందట. మా ఇంటికి వచ్చిన బంగారం అమ్మ తాళిబొట్టు, ముక్కుపుడక. రెండూ రాబర్ట్‌సన్‌పేట బజారులో అప్పుచేసి కొన్నవి.

1962లో గనులు కేంద్ర ప్రభుత్వానికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని కంపెనీ పేరు పెట్టారు. ఇంటికి వచ్చిన మార్పల్లా ఆ రేకు బిళ్ళే. మొదట్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా వచ్చిన బంగారం, చివరికి నాలుగు గ్రాములు కూడా రాని స్థితికి వచ్చింది. 2001 ఫిబ్రవరి 28తో మూసేశారు. మా పాత ఊరి పక్కన చిగర్‌గుంట, బిసానత్తం గనులు కూడా అప్పుడే మూతపడ్డాయి. ముత్తాత వదిలి వచ్చిన దిక్కున కూడా పని లేకుండా పోయింది.

ఆ రోజు సైరన్ మోగలేదు. మూడు షిఫ్టులకూ మోగే సైరన్ అది. లైన్లలో గడియారాలు పెద్దగా అవసరం పడేవి కావు, అమ్మ బియ్యం ఎసట్లో వేసేది కూడా దాన్ని బట్టే. తరవాత చాన్నాళ్ళు మా ఇంట్లో అన్నం వేళకు ఉడకలేదు. నాయన పొద్దున్నే లేచి గోడమీద కూర్చునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "ఇండ్లు ఏం చేస్తారంట?" అనే.

ఎందుకంటే పని లేకపోతే ఇల్లు లేదన్న రూలులోనే ఆయన జీవితమంతా గడిచింది. ఆ రూలు కోసమే నేలలోకి దిగాడు. ఇప్పుడు లైన్లు మొత్తానికీ ఒకేసారి పని పోయింది. మరి ఇళ్ళు? ఉన్నవాళ్ళకే ఇస్తారని కొందరు, వేలం వేస్తారని కొందరు. కోర్టుల్లో కేసులు, మీటింగులు, సంతకాలు, ఫోటోలు. ఆయన ప్రతి మీటింగుకూ వెళ్ళేవాడు, తెల్లచొక్కా వేసుకుని.

కుర్రవాళ్ళంతా బెంగళూరు రైలు పట్టారు. మా తమ్ముడు కూడా. తెల్లారకముందే మారికుప్పంలో బండెక్కి, దాదాపు తొంభై కిలోమీటర్లు పోయి, పనిచేసి, రాత్రికి మళ్ళీ ఇంటికి. బోగీల్లో ఎవరి సీటు ఎవరిదో వాళ్ళకు లెక్కుంది. అక్కడే పేకాట, అక్కడే భజన, అక్కడే పెళ్ళి సంబంధాలు. బెంగళూరులో ఇల్లు తీసుకోరాదా అని నేను చాలాసార్లు అన్నాను. "అద్దె ఎవరు కడ్తారన్నా?" అంటాడు. తరాలుగా అద్దె కట్టిన వంశంలో పుట్టి!

నాయన 2011లో పోయాడు. పోయేముందు ఏడు, లైన్లలో కొలతలు వేయడానికి మనుషులు వచ్చారు. టేపు పట్టుకుని గది కొలిచారు, వసారా కొలిచారు. బయటి గోడ దగ్గర ఆగి, ఇది ప్లానులో లేదే అన్నారు. నాయన లేచి నిలబడి, "అది కంపెనీది కాదు సార్. నాది" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. వాళ్ళు గోడను వదిలేసి మిగతాది రాసుకున్నారు. ఎప్పటికైనా రిజిస్ట్రేషన్ జరిగితే ఇల్లు మా పేరు మీదికి వస్తుందేమో గానీ, గోడ మాత్రం ఏ లెక్కలోనూ ఉండదన్నమాట.

అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. తమ్ముడు రేకులు తీసేసి సిమెంటు రేకులు వేయించాడు. పొయ్యి ఉన్న మూలలో గ్యాసు స్టవ్వు. పైకి అంతస్తు లేపుదామా అని వాడికి ఆశ. కింద ఎక్కడ సొరంగం పోయిందో ఎవడికి తెలుసురా అని అమ్మ ఒప్పుకోదు. వేపచెట్టు గోడను తోసేస్తోంది. చెట్టు కొట్టాలా, గోడ కొట్టాలా అని ఇంట్లో రెండు పార్టీలు. నేను గోడ పార్టీ.

కాంబోర్న్ ట్రంకు పెట్టెలో తాత, నాయన జీతం చీటీలన్నీ ఉన్నాయి. నాయన వాటిని ఏడాదికో కట్టగా కట్టి, పైన దారం చుట్టి పెట్టాడు. మొదటివి తెల్లవాళ్ళ కంపెనీవి, మందపు కాగితం, ఇంకు ఇంకా నల్లగానే ఉంది. చివరివి కంప్యూటరువి, అక్షరాలు సగం వెలిసిపోయాయి. ప్రతిదాంట్లోనూ ఇంటి అద్దె కోసిన గడి ఉంది. మొన్న ఒక వకీలు గారు చూసి, ఎవరి దగ్గరా ఇంత వరసగా లేవు, ఇంతకాలం ఫలానా ఇంట్లో ఫలానావాళ్ళే ఉన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు అన్నారు. కాబట్టి లైన్లవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ తాతల చీటీలు అటకమీద ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. కంప్యూటరు చీటీలు మరీ ముందు, అవి ఇంకో రెండేళ్ళు ఆగేట్టు లేవు.